శనివారం ఆటకు సముద్రం దాటి

శనివారం మధ్యాహ్నం డ్యూసెల్‌డార్ఫ్ నుంచి డోర్ట్‌మండ్ వెళ్లే లోకల్ రైల్లో, ఆ రోజు మ్యాచ్ ఉంటే, కాలు పెట్టడానికి చోటుండదు. బోగీ అంతా పసుపూ నలుపూ. ఎసెన్‌లో కొందరు ఎక్కుతారు, బోహుమ్‌లో ఇంకొందరు తోసుకుంటూ ఎక్కుతారు. టికెట్ కలెక్టరు ఆ జనంలోకి రావడమే అరుదు. వచ్చినా మ్యాచ్ టికెట్ చూపిస్తే చాలు, ఆ ప్రాంతపు రైళ్లకూ ట్రాములకూ ఆ పూటకి అదే పాసు. ఆ సందట్లో చెవొగ్గి వింటే జర్మన్ మాటల మధ్య మాంచెస్టర్ యాసో లండన్ యాసో వినిపిస్తుంది. పొద్దున్నే విమానం దిగినవాళ్లు. సంచిలో ఒక జత బట్టలు, టూత్‌బ్రష్, చార్జరు. ఆదివారం రాత్రికి ఇల్లు చేరి సోమవారం ఆఫీసుకు పోయే జనం.

వీళ్ల దేశంలో ఫుట్‌బాల్‌కేమైనా కరువా? ఆటకు నియమాలు రాసుకున్నదే ఇంగ్లండ్‌లో, 1863లో. ప్రపంచమంతా డబ్బు కట్టి టీవీల్లో చూసే లీగూ వాళ్లదే. పొరుగింటి పుల్లకూర రుచి అని నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఇలా వారాంతంలో దేశం దాటి ఒక్క మ్యాచ్ చూసి తిరిగొచ్చేవాళ్లు ఇప్పుడు యూరప్‌లో ఒకరిద్దరు కాదు. ఓస్లో నుంచి లివర్‌పూల్‌కి, డబ్లిన్ నుంచి మాంచెస్టర్‌కి, లండన్ నుంచి డోర్ట్‌మండ్‌కి, ఎక్కడెక్కడి నుంచో బార్సిలోనాకి ప్రతి వారం ఈ రాకపోకలు ఉన్నాయి. వీటి చుట్టూ ఒక వ్యాపారం ఉంది, ఒక చట్టం ఉంది, ఒక తగాదా కూడా ఉంది. ఆ తగాదా సంగతి తేల్చాలంటే వెళ్లేవాడు నిజానికి ఏం చూడటానికి వెళ్తున్నాడో ముందు తెలియాలి.

ఆట చూడటానికే అయితే ఇంటి సోఫాను మించింది లేదు. గోల్ ఎలా పడిందో ఆరు కోణాల్లో చూపిస్తారు, ఆఫ్‌సైడ్ గీత గీసి మరీ చూపిస్తారు. స్టేడియంలో అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో సగంసార్లు పక్కవాణ్ని అడగాల్సిందే. మనవాళ్లకి ఇది తెలియని విషయమేమీ కాదు. మంచి సౌండూ మెత్తటి సీటూ ఉన్న మల్టీప్లెక్స్ ఇంటి పక్కనే ఉన్నా, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎంఎంకే పోవాలని జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు. ఈలల్లో డైలాగు వినపడదు, కాగితం ముక్కల వానలో తెర కనపడదు. అయినా వస్తారు, ఆ ఈలల కోసమే వస్తారు. ఫుట్‌బాల్ యాత్రికుడూ అంతే. అతను చూడబోయేది ఆట చూసే జనాన్ని. చిక్కంతా అక్కడే ఉంది: ఆ జనం స్థానికులు, స్టేడియంలో సీట్లు లెక్కపెట్టినన్ని, అతను కూర్చున్న ప్రతి సీటులోనూ ఆ జనంలో ఒకరు తగ్గుతారు.

ఈ అలవాటుకు మూలం వెతుక్కుంటూ పోతే నార్వే మంచులో తేలుతుంది. అక్కడ లీగు వసంతంలో మొదలై శరత్తుకు ముగుస్తుంది. చలికాలమంతా మైదానాల మీద మంచే. కానీ ఫలితాలు ఊహించి పందెం కాసే కూపన్లు చలికాలంలోనూ నడవాలిగా? అందుకని వాటిలో ఇంగ్లిష్ మ్యాచ్‌లు వేసేవాళ్లు. 1969 నవంబర్ 29న నార్వే ప్రభుత్వ టీవీ వుల్వర్‌హాంప్టన్–సండర్‌లాండ్ మ్యాచ్‌ని నేరుగా ప్రసారం చేసింది. అప్పట్నుంచి ప్రతి చలికాలం శనివారం మధ్యాహ్నం ఇంగ్లండ్ నుంచి ఒక మ్యాచ్. స్వీడన్, డెన్మార్క్‌లలోనూ అదే తంతు. ఇంగ్లండ్‌లో చూస్తే, స్టేడియానికి జనం రారేమోనన్న భయంతో శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌లను టీవీలో రానివ్వరు. ఆ కట్టడి నేటికీ ఉంది. అంటే లివర్‌పూల్ వీధుల్లో పిల్లవాడికి దొరకని శనివారం ఆట, బెర్గెన్‌లో పిల్లవాడికి ఇంట్లోనే దొరికింది. వాడు ఏడేళ్లప్పుడు ఒక జట్టును ఎంచుకున్నాడు, అరవై ఏళ్లొచ్చినా మార్చలేదు. నార్వేలో ఇంగ్లిష్ క్లబ్బుల అభిమాన సంఘాలున్నాయి, పెద్దవాటిలో పదులవేల సభ్యులు. ఏడాదికో మ్యాచ్‌కి డబ్బు దాచుకుని తండ్రీకొడుకులు కలిసి రావడం అక్కడ ఇంటి ఆచారం లాంటిది, మనం మొక్కు తీర్చుకోవడానికి కొండకు పోయినట్టు.

ఐర్లండ్ కథ వేరు. గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బును 1887లో స్థాపించిందే ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక క్రైస్తవ సోదరుడు. కూటి కోసం వలసొచ్చిన ఐరిష్ పేదలకు భోజనం పెట్టే డబ్బు కోసం పెట్టిన జట్టు అది. అందుకే బెల్‌ఫాస్ట్ నుంచి కేర్న్‌రయన్ రేవుకు ఓడలో వచ్చి, అక్కణ్నుంచి బస్సులో గ్లాస్గో చేరేవాళ్లను ఎవరూ పర్యాటకులు అనరు. వాళ్లు చుట్టాలు.

ఈ పాత రాకపోకల మీదికి విమానం వచ్చి పడింది. 1990ల ముందు యూరప్‌లో రెండు దేశాల మధ్య ఏ విమానం ఎగరాలో, టికెట్ ఎంత ఉండాలో ప్రభుత్వాలూ వాటి విమాన సంస్థలూ కూర్చుని మాట్లాడుకునేవి. 1993 నుంచి ఆ కట్లు ఊడాయి. 1997 నాటికి యూరోపియన్ యూనియన్‌లోని ఏ సంస్థయినా యూనియన్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎగరొచ్చు. ర్యానైర్, ఈజీజెట్ లాంటివి పెరిగింది ఆ గాలిలోనే. దానికి తోడు అంతర్జాతీయ విమానాల ఇంధనం మీద యూరప్‌లో పన్ను లేదు. లండన్‌లో ఉండే మాంచెస్టర్ అభిమాని తన సొంత జట్టు ఆట చూడటానికి రైలుకు పెట్టే డబ్బుతో, కొన్ని వారాల్లో, జర్మనీ పోయి రావచ్చు. ఇది అతని తెలివి అని కొందరంటారు. నాకైతే ఆ రెండు ప్రభుత్వ విధానాల తెలివితక్కువతనం అనిపిస్తుంది. ఈ చౌక తాలూకు పొగ ఎవరి పద్దులో రాయాలన్నది ఇంకో వ్యాసానికి సరిపోయే ప్రశ్న. మ్యాచ్‌కి పోయినవాడికీ పెళ్లికి పోయినవాడికీ విమానం వదిలే పొగ ఒకటే. కాకపోతే తొంభై నిమిషాల కోసం రెండు విమానాలు ఎక్కినవాడు ఆ లెక్క ఎప్పుడో ఒకప్పుడు వేసుకోక తప్పదు.

విమానం చౌకైనంత మాత్రాన జనం కదలరు, ఇంట్లోంచి తోసే చెయ్యి కూడా ఉండాలి. ఇంగ్లండ్‌లో ఆ చెయ్యి టికెట్ ధర. దీని వెనక రెండు దుర్ఘటనల కథ ఉంది. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైజెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు మీద పడటంతో గోడ కూలి 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటాలియన్లు. ఇంగ్లిష్ క్లబ్బులను యూరప్ పోటీల నుంచి ఐదేళ్లు, లివర్‌పూల్‌ని ఆరేళ్లు వెలేశారు. ఆ రోజుల్లో ఇంగ్లిష్ స్కార్ఫ్ వేసుకుని యూరప్‌లో రైలు దిగితే ఎదురొచ్చేది పోలీసులు. అల్లరి చేసినవాడి పాస్‌పోర్టును పెద్ద మ్యాచ్‌ల సమయంలో పోలీస్ స్టేషన్‌లో పెట్టించుకునే చట్టం 2000లో వచ్చింది. అదే స్కార్ఫ్‌కి ఇప్పుడు హోటల్ వాళ్లు ఎదురొచ్చి నమస్కారం పెడుతున్నారు.

రెండోది 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో. కంచెలకు నొక్కుకుపోయి 97 మంది పోయారు. తప్పు జనానిది కాదు, జనాన్ని నడిపించిన పోలీసులదని నిరూపించడానికి ఆ కుటుంబాలకు పాతికేళ్లకు పైగా పట్టింది. దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాది వచ్చిన టేలర్ నివేదిక పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే చోట్లు తీసేసి అందరికీ సీట్లు వేయమంది. సీట్లు వేసినంత మాత్రాన ధరలు ఆకాశానికంటనక్కర్లేదనీ ఆ నివేదికలోనే ఉంది. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో సీటు ఆరు పౌండ్లేనని ఉదాహరణ కూడా చూపించాడు టేలర్. క్లబ్బులు సీట్ల ముక్క అమలు చేశాయి, ధరల ముక్క మరిచాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొత్త స్టాండులో టికెట్ 77 పౌండ్లు అనేసరికి, సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి పదివేల మంది దాకా లేచి వెళ్లిపోయారు. అప్పటికి లివర్‌పూల్ రెండు గోల్స్ ముందుంది. జనం వెళ్లిన పది పన్నెండు నిమిషాల్లో సండర్‌లాండ్ రెండూ తిరిగి కొట్టి డ్రా చేసుకుంది. కొద్ది రోజుల్లోనే యజమానులు ధర వెనక్కి తీసుకున్నారు. వెళ్లిపోయినవాళ్ల కేకలకు గోల్స్ ఆపే బలం ఉందో లేదో నేను చెప్పలేను గానీ, యజమానులకు మాత్రం ఆ ఖాళీ సీట్లు బాగానే వినిపించాయి.

జర్మనీలో దారి మరోలా నడిచింది. 1998లో క్లబ్బులు కంపెనీలుగా మారడానికి అనుమతిస్తూనే, ఓట్లలో సగానికి పైన సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలని షరతు పెట్టారు. యాభై ప్లస్ ఒకటి అంటారు దాన్ని. మినహాయింపులున్నాయి, దొడ్డిదారులూ ఉన్నాయి. అయినా టికెట్ ధర పెంచాలంటే ఆ సభ్యుల మొహం చూడాలి. నిలబడి చూసే స్టాండులనూ వాళ్లు తీసేయలేదు. డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండు ఒక్కదాంట్లోనే దాదాపు 25,000 మంది నిలబడతారు, యూరప్‌లో అంత పెద్దది ఇంకోటి లేదు. పసుపు గోడ అని పేరు. అక్కడ టికెట్ ధర ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడికి పొరపాటున తప్పు పడిందేమో అనిపించేటంత తక్కువ. పైగా చేతిలో బీరు గ్లాసుతో ఆట చూడొచ్చు. ఇంగ్లండ్‌లో మైదానం కనిపించే చోట మందు తాగడం 1985 నుంచి చట్టరీత్యా నేరం.

ఆ బీరు గ్లాసు గురించి ఒక ముక్క చెప్పాలి. అది గట్టి ప్లాస్టిక్‌ది, దానికి విడిగా డిపాజిట్ కడతాం, ఖాళీది తిరిగిస్తే డబ్బు వాపసు. మ్యాచ్ అయ్యాక చిన్న పిల్లలు, ముసలివాళ్లు మెట్ల వెంట వంగి వదిలేసిన గ్లాసుల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి భుజమెత్తు దొంతర్లు మోసుకుపోతుంటారు. గేటు దగ్గర సేవాసంస్థల కుర్రాళ్లు పీపాలు పెట్టుకుని నిలబడతారు, మీ గ్లాసు మాకివ్వండని. ఊరివాళ్లు నడుస్తూ నడుస్తూనే, ఆగకుండా, గ్లాసును గురి చూసి పీపాలో వేస్తారు. నేను ఆగి, చూసి, ఫోటో తీసి, అప్పుడు వేశాను. ఎవరు ఊరివాడో ఎవరు కాదో చెప్పడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇంగ్లిష్ వాళ్లు డోర్ట్‌మండ్‌కి చవక కోసం, నార్వే వాళ్లు లివర్‌పూల్‌కి చిన్ననాటి ప్రేమ కోసం వెళ్తున్నారని ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. అలా ఆపకుండా అడ్డుపడేది బార్సిలోనా.

2022 ఏప్రిల్ 14. యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్. క్యాంప్ నౌ మైదానానికి ఫ్రాంక్‌ఫర్ట్ జట్టు వచ్చింది. అవతలి జట్టు అభిమానులకు కేటాయించింది ఐదువేల సీట్లు. లోపల చూస్తే తెల్లచొక్కాల జర్మన్లు ముప్పైవేల వరకు తేలారు. ఎలా వచ్చారు? గోడ దూకి కాదు, డబ్బు పెట్టి టికెట్ కొనే వచ్చారు. బార్సిలోనాలో సీజన్ టికెట్ ఉన్న సభ్యుడు తాను రాని రోజు తన సీటును క్లబ్బుకు వదలొచ్చు. క్లబ్బు దాన్ని అమ్మి సభ్యుడికి వాటా ఇస్తుంది. ఏళ్ల తరబడి ఆ సీట్లు పర్యాటకుల పాలవుతూనే ఉన్నాయి, ఎవరికీ నొప్పి తెలియలేదు. ఎందుకంటే ఆ పర్యాటకుడు బార్సా చొక్కా కొనుక్కుని బుద్ధిగా కూర్చుని ఫోటోలు తీసుకునేవాడు. ఆ గురువారం ఈస్టర్ సెలవుల వారం, ఊరు ఊరంతా బీచులకో పల్లెలకో పోయింది. మిగిలిన సీట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు అందరిలాగే కొన్నారు, కాకపోతే వాళ్లు ఫోటోలు తీసుకునే రకం కాదు. నాలుగో నిమిషంలో పెనాల్టీతో మొదటి గోల్ పడ్డప్పుడు సొంత మైదానంలో బార్సిలోనా ఆటగాళ్లకు వినిపించిన హోరు తమది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ 3–2తో గెలిచింది, ఆ తర్వాత కప్పూ గెలిచింది. క్లబ్బు అధ్యక్షుడు లపోర్టా జరిగినదానికి సిగ్గుపడుతున్నానన్నాడు. యూరప్ మ్యాచ్‌ల టికెట్లు ఇకమీద పేరు రాసి ఇస్తామన్నారు.

ఆ రాత్రి తప్పు ఎవరిదని వారాల తరబడి వాదించుకున్నారు. జర్మన్లది అన్నవాళ్లున్నారు. జర్మన్లు దొంగతనం చేయలేదు, అమ్మకానికి పెట్టిందే కొన్నారు. ఒక జాతర ఉందనుకోండి, ఊరివాళ్లందరూ తమ జాగాలు బయటివాళ్లకు అద్దెకిచ్చి వెళ్లిపోతే ఆ రోజు అక్కడ జరిగేది ఎవరి జాతర? డోర్ట్‌మండ్‌లో సీజన్ టికెట్లే 55,000 వరకు ఉన్నాయి. బయటివాడికి మిగిలేది కొద్ది. ఆ దక్షిణ స్టాండులో ఒక చోటు దొరకాలంటే ఎవరో ఒకరు పెళ్లికో ఆసుపత్రికో పోవాలి. ఊరు తన జాగాను గట్టిగా పట్టుకుంది గనుకే అక్కడ పోయి చూడదగ్గదేదో మిగిలింది. పర్యాటకుడు వద్దనే క్లబ్బుకే పర్యాటకుడు ఎగబడతాడు. నా మటుకు ఈ తగాదాలో తీర్పు ఇంతే: అమ్మే పద్ధతిని బట్టే అతిథి అతిథిగా ఉంటాడో గిరాకీ అవుతాడో తేలుతుంది, అతను ఎక్కడినుంచి వచ్చాడన్నది తర్వాతి మాట.

అమ్మే పద్ధతి అంటున్నాను కాబట్టి ఆ బజారులోకి ఒకసారి తొంగి చూడాలి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. పాటల కచేరీ టికెట్‌కి ఆ నిబంధన లేదు, ఫుట్‌బాల్‌కి మాత్రమే, అదీ రెండు జట్ల జనం ఒకచోట కలిసి కొట్టుకోకుండా ఉండాలని. చట్టం ఉంది, బ్లాకూ ఉంది. బయటి దేశాల్లో నమోదైన వెబ్‌సైట్లలో 50 పౌండ్ల టికెట్ మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. డబ్బు కట్టాక చేతికొచ్చేది చాలాసార్లు ఎవరిదో సభ్యత్వ కార్డు, ఫోన్‌లో అరువిచ్చినది. గేటు దగ్గర ఆ కార్డు పచ్చ వెలుగుతుందో ఎర్ర వెలుగుతుందో దైవాధీనం. ఎర్ర వెలిగినవాళ్లు పక్కకు జరిగి, ఫోన్‌ని పైకీ కిందికీ తోస్తూ, లోపలి నుంచి వచ్చే హోరు వింటూ నిలబడటం ఏ పెద్ద మైదానం దగ్గరైనా కనిపించేదే. చట్టబద్ధమైన దారి క్లబ్బే అమ్మే ప్యాకేజీ: భోజనం, మెత్తటి కుర్చీ, మ్యూజియం టికెట్ కలిపి కొన్ని వందల పౌండ్లు. క్లబ్బుకు ఇది లాభసాటి. నలభై ఏళ్లుగా వచ్చే ముసలాయన టీ తాగి పోతాడు, ఒక్కసారి వచ్చేవాడు దుకాణంలో ఇద్దరు పిల్లలకూ చొక్కాలు కొంటాడు. మాంచెస్టర్ యునైటెడ్ 2024–25 సీజన్ నడుస్తుండగానే సభ్యులకు మిగిలిన టికెట్లన్నీ కనీసం 66 పౌండ్లు చేసింది, పిల్లలకూ వృద్ధులకూ రాయితీ లేకుండా. ఎదుటి ఊరికి వెళ్లే అభిమానికి మాత్రం ప్రీమియర్ లీగ్‌లో 2016 నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంది. అది సాధించుకున్నదీ గోల చేసిన అభిమానులే.

వీధిలో అమ్మే సరుకులో అన్నిటికన్నా తిట్లు తినేది సగం సగం స్కార్ఫ్. ఒక పక్క ఈ జట్టు రంగు, ఇంకో పక్క ఆ జట్టు రంగు, మధ్యలో తేదీ. ఊరి అభిమానికి అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఇద్దరు పెళ్లికొడుకుల పేర్లూ వేసిన శుభలేఖలా ఉంటుంది మరి.

తేదీ అన్నాను గానీ, ఆ తేదీయే పెద్ద మాయ. సీజన్ మొదట్లో ప్రకటించే తేదీలు నమ్మి విమానం టికెట్ కొన్నవాడు అమాయకుడు. ఏ మ్యాచ్ శుక్రవారం, ఏది ఆదివారం సాయంత్రం, ఏది సోమవారం రాత్రి అన్నది టీవీ వాళ్లు తర్వాత తేలుస్తారు. నేను ఒకసారి ఆ అమాయకుణ్నయ్యాను. శనివారం అనుకున్న మ్యాచ్ ఆదివారం సాయంత్రానికి జరిగింది. నా తిరుగు విమానం ఆదివారం మధ్యాహ్నం. హోటల్ వాళ్లకు ఫోన్ చేస్తే నిబంధనలు చదివి వినిపించారు. ఖాళీ స్టేడియం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దుకాణంలో ఒక కప్పు కొనుక్కుని తిరిగొచ్చాను. ఆ కప్పులో టీ తాగినప్పుడల్లా మా ఆవిడకు ఆ మ్యాచ్ స్కోరు అడగాలనిపిస్తుంది. అయితే జర్మన్ ప్రేక్షకులు టీవీ వాళ్లకూ లొంగలేదు. సోమవారం రాత్రి మ్యాచ్‌లు 2017–18 సీజన్‌లో మొదలైతే ఉద్యోగస్తులు ఎలా రావాలని స్టాండుల్లో నిరసనలు చేసి, 2021కల్లా ఎత్తేయించారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆదాయంలో బయటి పెట్టుబడిదారుకి వాటా ఇవ్వబోతే మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి విసిరి ఆ ఒప్పందమే ఆపించారు. పర్యాటకుడికి దొరికే శనివారం మధ్యాహ్నం మూడున్నర ఆట వెనక ఊరివాళ్ల మొండితనం ఉంది.

ఇంతవరకూ చెప్పిన వారాంతపు యాత్రంతా యూరప్ పాస్‌పోర్టు జేబులో ఉన్నవాళ్ల కథ. వాళ్లకూ ఈమధ్య కొన్ని ముళ్లు తగులుతున్నాయి. బ్రెగ్జిట్ తర్వాత, 2021 అక్టోబర్ నుంచి, గుర్తింపు కార్డు చూపిస్తే బ్రిటన్ రానివ్వదు, పాస్‌పోర్టు కావాలి. 2025 ఏప్రిల్ నుంచి ముందే రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. నార్వే వాళ్లు దీనికే గొణుగుతున్నారు. మనవాళ్ల సంగతి చూడండి. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువాడికి డోర్ట్‌మండ్ గంటన్నర విమానమే గానీ భారత పాస్‌పోర్టుతో షెంగెన్ వీసా కావాలి. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు ఉత్తరం, ఇన్సూరెన్సు, హోటల్ కాగితం, వేలిముద్రలు. అన్నిటికన్నా కష్టం అపాయింట్‌మెంట్ దొరకడం. డబ్లిన్‌లో ఉండే తెలుగమ్మాయికి లివర్‌పూల్ గంట కూడా పట్టదు, ఆమె పక్క సీట్లో ఐరిష్ సహోద్యోగికి ఏ కాగితమూ అక్కర్లేదు, ఆమెకు బ్రిటన్ వీసా కావాలి. అలా మన శనివారం రెండు నెలల ముందే మొదలవుతుంది. వీసాలు సరిగ్గా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల, ఐదేళ్ల వీసాలిచ్చే పద్ధతిని యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చింది, అది కొంత ఊరట.

తెలుగువాళ్లకు ఈ విషయంలో వీసా గొడవ లేకుండా ప్రపంచమే ఎదురొచ్చిన సందర్భం ఒకటుంది, 2022 ఖతార్. ఆ ప్రపంచకప్‌కి దుబాయ్, మస్కట్, కువైట్ లాంటి చోట్ల నుంచి షటిల్ విమానాలు నడిపారు, పొద్దున వచ్చి మ్యాచ్ చూసి రాత్రికి వెళ్లిపోవచ్చు. మ్యాచ్ టికెట్ ఉన్నవాడికి హయ్యా కార్డే ప్రవేశ పత్రం. ఖతార్‌లోనే ఉండేవాళ్లకు అన్నిటికన్నా చవక టికెట్ 40 రియాళ్లు, అప్పటి లెక్కలో తొమ్మిది వందల రూపాయల లోపు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి పోయి ఆ దేశంలో రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్లలో టికెట్ దొరికినవాళ్లున్నారు, దొరకనివాళ్లు ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర మీద చూశారు. పోటీలు మొదలవకముందే దోహా వీధుల్లో భారతీయులు, ఎక్కువమంది మలయాళీలు, అర్జెంటీనా, బ్రెజిల్, ఇంగ్లండ్ చొక్కాలు వేసుకుని డప్పులతో ఊరేగితే, యూరప్ పత్రికల్లో కొన్ని వీళ్లు కిరాయి అభిమానులేమోనని రాశాయి. వాళ్లకు కోపమొచ్చింది, రావాల్సిందే. కోజికోడ్‌లో పుట్టినవాడు మెస్సీని ప్రేమిస్తే కిరాయి, బెర్గెన్‌లో పుట్టినవాడు లివర్‌పూల్‌ని ప్రేమిస్తే సంప్రదాయమా? రెండూ టీవీ పెట్టిన చిచ్చులే. ఆ దేశంలో ఊరి జనం అంటే ఎవరన్న ప్రశ్నకు కూడా జవాబు తేలిక కాదు. స్టేడియం కట్టినవాళ్లూ ఊడ్చినవాళ్లూ వలసవాళ్లే.

పెద్ద మైదానాల ఈ రద్దీకి విసిగి చిన్నవాటి బాట పట్టినవాళ్లు వేరే ఉన్నారు. ఇంగ్లండ్‌లో లీగ్ క్లబ్బులు 92, ఆ అన్ని మైదానాల్లోనూ మ్యాచ్ చూసినవాళ్లకు 1974 నుంచి ఒక సంఘం ఉంది. జర్మన్లు ఆ పిచ్చిని అందిపుచ్చుకుని ఇంకా ముదిర్చారు: ఏడో డివిజన్, తొమ్మిదో డివిజన్, పక్క దేశం, దాని పక్క దేశం. టికెట్ అక్కడ సమస్య కాదు. వాళ్లు వెళ్లినందువల్ల ఎవరి సీటూ పోదు, కూర్చోవడానికి అసలు సీట్లే ఉండవు. పెద్ద మ్యాచ్‌కి ఒక్కరోజు పోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పే సలహా కూడా ఇదే, మిగిలిన సగం రోజును ఒక చిన్న మైదానానికి ఇవ్వండని.

ఆ సలహా నాకు ఇచ్చింది డోర్ట్‌మండ్‌లో ఎమ్మెస్ చదువుతున్న ఖమ్మం కుర్రాడు. మొదటిసారి పోయినప్పుడు పరిచయం. ఆదివారం పొద్దున "అన్నా, నిన్న చూసింది సినిమా. ఇయ్యాల మా ఊరి ఆట చూద్దాం పా" అని లాక్కుపోయాడు. మా ఊరంటే అతను గదిలో అద్దెకుంటున్న పేట. ఇళ్ల మధ్య ఒక మైదానం, చుట్టూ నడుమెత్తు ఇనుప రైలింగు. గేటు దగ్గర ముసలాయన ఒక టిఫిన్ డబ్బాలో చిల్లర పెట్టుకుని, రోల్‌లోంచి టికెట్లు చింపి ఇస్తున్నాడు. రెండు యూరోలు. జనం అరవై మంది ఉంటారేమో, అందులో పది మంది ఆటగాళ్ల అమ్మలు, నాలుగు కుక్కలు. పెనం మీద సాసేజులు కాలుతున్నాయి. బంతి రైలింగు దాటి మా వైపు వస్తే కుర్రాడే పరుగెత్తి తన్నాడు, అది అడ్డదిడ్డంగా పోయింది, అందరూ నవ్వారు, ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచి ఏదో ఎకసెక్కమాడారు. ముందురోజు 80,000 మందిలో నన్నెవరూ చూడలేదు. ఇక్కడ సగం ఆట అయ్యేసరికి నేనెవరో, ఏ ఊరో, ఏం తింటానో అందరికీ తెలిసిపోయింది.

ఆట అయ్యాక ముసలాయన డబ్బా మూసుకుని మా దగ్గరికొచ్చాడు. వచ్చే ఆదివారం ఆట పక్క ఊళ్లో, బస్సులో రెండు సీట్లున్నాయి, వస్తారా అని అడిగాడట. కుర్రాడు నాకు తెలుగులో చెప్పి నా మొహం వంక చూశాడు. నాకు ఆ సాయంత్రం ఆరింటికి విమానం. ముసలాయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ తీసి, కుర్రాడి పేరొక్కటీ రాసుకున్నాడు.